అవతలి నోటి రుచి

మసాలాలు, పాయసం మిక్స్‌లు, పళ్ళరసాలు తయారుచేసే కంపెనీ ఒకటి దుబాయ్‌లో అల్ కుసైస్ దగ్గర ఉండేది. అందులో ఆసిమ్ పని పొద్దున ఎనిమిదికల్లా మొదలయ్యేది. పనంటే పెద్దగా ఏం లేదు, ఫోన్ చెయ్యడమే. అంతకుముందు రుచి చూసేవాళ్ళను ఫ్యాక్టరీకే పిలిపించేవారు. కానీ కార్మికుల క్యాంపుల్లో ఉండేవాళ్ళకు సెలవు దొరకదు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను బయటికి పంపరు. రేపు కొనుక్కుని తినేది వాళ్ళయితే రుచి చెప్పేది ఇంకెవరో ఏమిటని ముదీర్‌కు, అంటే అక్కడి మేనేజర్‌కు, తోచి, సరుకునే వాళ్ళ దగ్గరికి పంపించడం మొదలుపెట్టాడు.

రాజోలు నుంచి వచ్చిన నాగబాబు వ్యాన్‌లో ఊళ్ళన్నీ తిరిగి మూతలు పెట్టిన చిన్న కప్పులు ఇచ్చి వచ్చేవాడు. కప్పుల మీద పేర్లుండవు, అంకెలుంటాయి. పేరు కనబడితే మనిషి పేరునే రుచి చూస్తాడు గానీ సరుకును కాదు మరి. ఒక కప్పు అయ్యాక ఉప్పులేని బిస్కెట్ ముక్క నమిలి, నీళ్ళు పుక్కిలించి, అప్పుడు రెండో కప్పు ముట్టుకోవాలి. ఇదంతా ఆసిమ్ పక్కనే కూర్చున్నట్టు ఫోన్‌లో చేయించేవాడు.

అలా చేయిస్తుంటే అవతలివాళ్ళ నోట్లో ఏ రుచి ఉందో అది ఆసిమ్ నోట్లోకి వచ్చేసేది. చేరిన మొదటి వారమే ఈ సంగతి ముదీర్‌కు చెబితే, ఆయన విని తలూపి, అలాగైతే నీకూ ఉండాలని ఆసిమ్ బల్ల మీద ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక నీళ్ళ సీసా పెట్టించాడు. అంతటితో ఆ మాట ముగిసింది.

అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటచేసే పాపాయమ్మతో మాత్రం ఆసిమ్‌కు రోజూ తగువే. బిస్కెట్‌కు బదులు ఆవిడ ఆవకాయ బద్ద చప్పరించేది. ఇక్కడ ఇతనికి కళ్ళ వెంట నీళ్ళు కారేవి.

"మళ్ళీ ఆవకాయేనా పాపాయమ్మగారూ?"

"ఒక్క బద్దేనయ్యా. నోరు చప్పబడిపోతే నీ పాయసం సంగతి నేనేం చెప్పేది?"

"సరే, చెప్పండి. నచ్చిందా?"

"నచ్చలేదంటే నీ ఉద్యోగమేమన్నా పోతదా?"

"పోదు."

"అయితే నచ్చలేదు."

అదీ సంగతి. అవతలి నోట్లో తీపెంతో, పులుపెంతో ఆసిమ్‌కు తెలిసేది గానీ, అది వాళ్ళకు నచ్చిందో లేదో తెలిసేది కాదు. దానికి నోరు తెరిచి అడగాల్సిందే, వాళ్ళు నోరు తెరిచి చెప్పాల్సిందే.

ఆసిమ్‌ది రాయచోటి. వీసా తీయించి దుబాయ్‌కి పిలిపించుకున్నది మేనమామ ఖాదర్ హుస్సేన్. బర్ దుబాయ్ బట్టల బజార్లో ఆయన దర్జీ. ఇద్దరూ ఉండేది అక్కడికి దగ్గర్లోనే ఒక గదిలో. ఆ మామ కూతురు ఫైజానే ఆసిమ్‌కు అనుకున్నారు. అనుకున్నది ఎవరంటే ఇక్కడ ఖాదర్ హుస్సేన్, అక్కడ ఆయన అక్క మహబూబున్నీసా, అంటే ఆసిమ్ తల్లి. అక్కాతమ్ముళ్ళు అనుకున్నాక ఇంకేం కావాలి? ఆసిమ్‌కు కూడా ఫైజా అంటే ఇష్టమే. ఊరి నుంచి వచ్చేటప్పుడు మేడమెట్ల మీద నిలబడి చూసిన పిల్లే ఇప్పటికీ కళ్ళలో ఉంది. మామకూ ఆసిమ్‌కూ సెలవు దొరకలేదు. ఫోన్‌లో నిఖా చేసేద్దామన్నారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఆ రోజుల్లో అది మామూలే.

2005 వేసవి, ఒక శుక్రవారం. జుమ్మా నమాజ్ అయ్యాక గదినిండా జనం చేరారు. సాక్షులు మంచం మీద కూర్చున్నారు. నాగబాబు తెల్ల చొక్కా వేసుకొచ్చి ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఆసిమ్ తలకు పూలు కట్టారు. ఫోన్‌కు స్పీకర్ పెట్టారు గానీ గరగరమంటోందని ఆసిమ్ దాన్ని చెవి దగ్గరే పట్టుకున్నాడు.

అక్కడ రాయచోటిలో ఖాజీ పెళ్ళి మాటలన్నీ చదివి, పరదా అవతలికి ఫోన్ అందించి, పెళ్ళికూతురిని సమ్మతమేనా అని అడిగాడు. తర్వాత సన్నటి గొంతు వచ్చింది.

"ఖుబూల్."

గదిలో అందరూ అల్‌హమ్‌దులిల్లా అన్నారు. ఖాదర్ హుస్సేన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆసిమ్ ఒక్కడే కొయ్యబారిపోయాడు.

అతని నోట్లోకి తమలపాకు వచ్చింది. వెనకే జర్దా ఘాటు. ఆ రెండింటి వెనక, పుచ్చిన దవడపన్ను మీద అదిమిపెట్టుకున్న లవంగం మంట. ప్రతి శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే రుచే అది. ఫైజా ఆకు నమలదు. ఆ వయసులో ఆ పన్నూ పుచ్చదు. అది తన తల్లి నోరు.

ఖాజీ ఇప్పుడు ఇతన్ని అడుగుతున్నాడు. సమ్మతమేనా? ఒక్క మాట అంటే ఫైజా తన భార్య. అనకపోతే మామ గది, మామ తీయించిన వీసా, మామ ముఖం. అందరూ ఇతని నోటి వైపే చూస్తున్నారు. మాట అందామని నోరు తెరిస్తే నాలుక మీద ఇంకా లవంగం మండుతోంది.

"అమ్మీ," అన్నాడు ఆసిమ్. "ఫోన్ ఫైజాకు ఇవ్వు."

నాగబాబు చేతిలో పళ్ళెం వంగి రెండు ఖర్జూరాలు కిందపడ్డాయి. ఖాదర్ హుస్సేన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అవతల మహబూబున్నీసా ముందు దబాయించింది, తర్వాత బతిమాలింది. పిల్లకు సిగ్గు, పొద్దున్నుంచి తలెత్తలేదు, ఖాజీ సాబ్ ఎంతసేపని కూర్చుంటాడు, ఆడపిల్ల తరపున పెద్దవాళ్ళు అనడం ఎన్ని పెళ్ళిళ్ళలో చూడలేదు, మేనత్తను నేను ఖుబూల్ అంటే ఏం, అది అంటే ఏం అంది. ఆసిమ్ మళ్ళీ అదే మాట అన్నాడు. ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది.

ఆకు రుచి పోయింది. దాని చోట్లోకి ఏమీ రాలేదు. ఎండిపోయిన నోరు. మంచినీళ్ళు కూడా తాకని నోరు. పెదవుల చివర మాత్రం ఉప్పగా ఉంది. ఎవరైనా అంత ఖాళీ నోటితో ఫోన్ పట్టుకోవడం ఆసిమ్ ఎప్పుడూ ఎరగడు.

"ఫైజా, నాకేమనిపిస్తుందో, మీ నాయనకేమనిపిస్తుందో వదిలెయ్. నీకెట్లుందో అది చెప్పు."

"నాకొద్దు బావా. నీ మీద కోపం లేదు. నాకీ పెళ్ళొద్దు."

"ముందే చెప్పొచ్చు గదా?"

"ఎవరడిగినారు?"

స్పీకర్ ఎంత గరగరమన్నా ఆ మాట గదిలో అందరికీ వినిపించింది. ఆసిమ్‌కు ఏడుపు వచ్చేట్టుంది గానీ రాలేదు. తలకు కట్టిన పూలు తనే విప్పి కిటికీలో పెట్టాడు. సాక్షులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంక ఈ రాత్రికి ఎక్కడ పడుకోవాలా అని ఆసిమ్ ఆలోచన. నాగబాబు మెల్లగా దగ్గరికొచ్చి, మా గదిలో ఒక చాప ఖాళీ ఉందిలే అబ్బాయ్ అని చెవిలో అన్నాడు.

ఖాదర్ హుస్సేన్ లేచి నిలబడ్డాడు. చెయ్యి చాచాడు. ఆసిమ్ ఫోన్ ఇచ్చేశాడు. ఆయన స్పీకర్ ఆపి చెవికి పెట్టుకున్నాడు. అరుస్తాడనే అందరూ అనుకున్నారు. అవతల ఖాజీ, సంతకాలు చేయించమంటారా, లేచిపొమ్మంటారా అని అడుగుతున్నట్టున్నాడు.

"ఖలాస్ హజ్రత్. నిఖా లేదు," అన్నాడు ఖాదర్ హుస్సేన్. "వచ్చినవాళ్ళందరికీ అన్నాలు పెట్టించండి. ముందు నా బిడ్డకు ఫోన్ ఇవ్వండి."

ఇన్నేళ్ళలో ఆయన ఫోన్ చేస్తే అక్కతో మాట్లాడేవాడు, భార్యతో మాట్లాడేవాడు. ఫైజాకు ఇచ్చేసరికి కార్డులో డబ్బులు అయిపోయేవి. ఇప్పుడు ఏం మాట్లాడాలో తెలియక గోడ వైపు తిరిగాడు.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

లేదని చెప్పి ఉంటుంది.

"అయితే తిను. ఫోన్ పెట్టొద్దు. నేను ఈడనే ఉంటా."

కింద వీధిలో టాక్సీలు పోతున్నాయి. రాయచోటిలో ఎవరో కంచం తెచ్చి పెట్టారు కాబోలు. ఖాదర్ హుస్సేన్ వీపు తప్ప ఏమీ కనబడటం లేదు. కొంతసేపటికి ఆయన దవడ కదిలింది. గొంతు కిందికీ పైకీ ఆడింది. గుటక మింగి, గోడకు చెయ్యి ఆనించుకుని చిన్నగా అన్నాడు.

"ఉప్పు ఎక్కువేసినారమ్మా. పెరుగు కలుపుకో."