సగం ఇంటి ఆసామి

తెల్లారింది, రాత్రి షిఫ్టు వదిలారు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్లు వరసగా నిలబడితే, అతను ఒక్కొక్కరి సంచీ తెరిచి చెయ్యి లోపలికి పోనిస్తున్నాడు. కళ్లతో చేసే పని కాదది, వేళ్లతో చేసే పని. మడిచిన దుప్పటి కింద, నీళ్ల సీసా వెనక, క్యారేజీ అడుగు గిన్నెలో వేళ్లు వాటంతటవే తిరుగుతాయి. గుండీల పొట్లమో, కొత్త గుడ్డముక్కో తగిలితే ఆగిపోతాయి. మొహం మాత్రం ఎటో చూస్తుంటుంది. బక్కపలచని మనిషి. ముందుకు వంగిన మెడ, ఎప్పుడూ సగం మూసినట్టుండే కళ్లు.

ఫ్యాక్టరీలో అతన్ని భూతద్దం అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

"భూతద్దం అన్నా, ఆ గిన్నె మూత కూడా తియ్యి. నిన్నటి కూర మిగిలింది, రుచి కూడా చూసి చెప్పు," అంది కాజాలు కుట్టే ముసలామె. వెనకవాళ్లు పకపకా నవ్వారు. అతను నవ్వలేదు. మూత తీశాడు, చూశాడు, పెట్టాడు. నవ్వించేవాళ్ల సంచీ రెండోసారి కూడా చూడాలని అతని సిద్ధాంతం.

ఎవరి మీదా కక్ష లేదు. అందరి మీదా అనుమానమే. పాలవాడు నీళ్లు కలుపుతాడనీ, పక్కింటివాళ్లు గోడకి చెవి ఆనిస్తారనీ, తన నీడ కూడా సందు తిరగ్గానే ఎవరితోనో మాట్లాడుతుందనీ అతని నమ్మకం. పదిహేనేళ్లుగా జీతం వస్తున్నది కూడా దానికే.

ఆ రోజు అతను మధ్యాహ్నం నుంచి సెలవు అడిగాడు. ఎందుకని సూపర్‌వైజర్ అడిగితే "పని ఉంది" అని ఊరుకున్నాడు. అద్దె సాయం అర్జీ మీద హౌసింగ్ ఆఫీసు నుంచి మేడమ్ తన గది చూడటానికి వస్తోందని చెబితే సాయంత్రానికి ఆ కబురు కాజాల మిషన్ల దాకా పాకుతుంది. సంచీలు వెతికేవాడి ఇల్లే వెతుకుతున్నారట అని రేపు గేటు దగ్గర నవ్వుకుంటారు.

సైకిళ్ల దుకాణం వెనక ఉంది అతని గది. గోడకి నడుం ఎత్తుదాకా చెమ్మ. సున్నం పొక్కులు పొక్కులుగా లేచి, ముట్టుకుంటే పొడిలా రాలుతుంది. మంచం గోడకి దూరంగా గది మధ్యకి జరిపి ఉంది, కూతురికి దగ్గు వస్తుందని. పొద్దున్నే అతను పనికి బయలుదేరేముందే పిల్ల తన పుస్తకాలన్నీ బల్లమీద ఎత్తుల ప్రకారం పేర్చింది. "ఆవిడ చూస్తుందిగా నాన్నా," అంది. తొమ్మిదేళ్ల పిల్లకి కూడా తనిఖీ అంటే ఏమిటో తెలిసిపోయిందని అతనికి ఎక్కడో చురుక్కుమంది.

మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. అదీ అనుమానమే, ఆఫీసు మనుషులు చెప్పిన వేళకి వస్తే ఏదో మనసులో పెట్టుకుని వచ్చినట్టే. నడివయసు మనిషి, కత్తిరించిన జుట్టు. గుమ్మం మెట్టు ఎక్కడానికి మోకాలి మీద చెయ్యి ఆనించింది.

"అలమర తియ్యొచ్చా?" అని అడిగింది.

అలా అడగొచ్చని అతనికి ఎప్పుడూ తోచలేదు. తలూపాడు. ఆమె తెరిచి, ఏదీ ముట్టుకోకుండా చూసి, మూసింది. తలుపు వెనక కొక్కేలకు తగిలించిన బట్టలు చూసింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, తుడుచుకుంది.

"మీరిద్దరే ఉంటారా?"

"ఇద్దరమే."

"అప్పుడప్పుడూ వచ్చి ఉండేవాళ్లు ఎవరైనా?"

అడిగింది ఆడమనిషి గురించని అతనికి అర్థమైంది. చెవులు వేడెక్కాయి. "ఎవరు చెప్పారండీ మీకు? ఇంటి ఓనరమ్మేనా?"

"ఎవరూ చెప్పలేదు. అందర్నీ అడుగుతాను."

ఆ మాట అతనికి బాగా తెలుసు. గేటు దగ్గర రోజూ తను అనేదే: అందర్నీ చూస్తాను. అది విన్నవాళ్ల మొహం ఎలా ఉంటుందో అతనెప్పుడూ చూడలేదు, మొహం ఎటో తిప్పి ఉంటాడు కనుక.

తర్వాత ఇద్దరూ అతని ఇల్లు చూడటానికి బయలుదేరారు. అతనికి ఇల్లుంది. చిక్కంతా అదే. రైలుపట్టాలు దాటిన వీధిలో, పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలు కలిసి కొనుక్కున్న రెండుగదుల ఇల్లు. నాలుగేళ్ల కిందట భార్య జబ్బుచేసి పోయింది. తన సగంలో కొంత పిల్లకీ, కొంత తన తల్లికీ రాసిపోయింది. ఇప్పుడు ఆ తల్లి, అంటే ఇతని అత్తగారు, అందులో ఉంటోంది. ఇతను పిల్లని తీసుకుని అద్దెగదిలో ఉంటున్నాడు.

నడుస్తూ మేడమ్ వివరంగా చెప్పింది. "పిల్లని ఒంటరిగా పెంచుతున్నందుకు వచ్చే భత్యానికీ మీ ఇంటికీ సంబంధం లేదు, అది వస్తూనే ఉంటుంది. అద్దె సాయం సంగతి వేరు. సొంతిల్లు ఉన్నవాళ్లకి ఇవ్వరు. మీరు అందులోకి వెళ్లి ఉండొచ్చు. లేదా మీ వాటా అమ్ముకోవచ్చు."

"సగం ఇల్లు ఎవరు కొంటారండీ? ఆవిడ సంతకం పెట్టదు."

"కోర్టుకి వెళ్లి పంచుకోవచ్చు. అది ఏళ్లు పడుతుంది. ఇవేవీ కుదరవనీ, మీరూ ఆవిడా ఒక కప్పు కింద ఉండే వీలు లేదనీ నాకు తేలితేనే సాయానికి రాస్తాను. అందుకే ఆవిడని కూడా అడగాలి."

ఇక అయిపోయినట్టే. అత్తగారు నిజం చెప్పేస్తుంది.

ఆ నిజం అతను ఎవరికీ చెప్పుకోలేదు. అడిగినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు: ముసలమ్మ ఇల్లు కాజెయ్యాలని చూస్తోంది, పొమ్మనలేక పొగబెట్టింది, వచ్చేశాను. జరిగింది వేరు. భార్య పోయిన నెలలో అతనికి ఆమె గాజులు కనిపించలేదు. అత్తగారిని అడిగాడు. వైద్యానికి అమ్మేశామనీ, కూతురే అమ్మమందనీ, నీకు చెప్పొద్దందనీ ఆవిడ చెప్పింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్లినప్పుడు అతను ఆవిడ పెట్టె తెరిచి వేళ్లు పోనిచ్చాడు. పాత చీరలు, కూతురి చిన్నప్పటి గౌను, కళ్లజోడు డబ్బా. తల తిప్పేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది, బిందె చంకన పెట్టుకుని.

"దొరికాయా?" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే ఉండిపోయేవాడేమో. ఆ సాయంత్రమే అతను పిల్లనీ ఒక పెట్టెనీ తీసుకుని బయటపడ్డాడు. వెళ్లమని ఎవరూ అనలేదు.

అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది. మణికట్టు ఎముకలు పైకి తేలాయి. అతన్ని చూసి లేవలేదు, రమ్మనలేదు. మేడమ్‌కి మాత్రం పక్కనున్న పీట చూపించింది.

"ఈ ఇంట్లో మీరొక్కరేనా అమ్మా?"

"ఒక్కదాన్నే."

"రెండో గది ఖాళీగా ఉందా?"

"ఉంది."

అతను గుమ్మం బయటే నిలబడి చెప్పులవైపు చూస్తున్నాడు. ఖాళీగా ఉందట. ఒక్క మాటతో గొంతు కోసేసింది. ఇక మిగిలింది కూడా చెప్పెయ్యి, నా అంతట నేనే పోయానని.

"మీ అల్లుడూ మనవరాలూ వచ్చి ఆ గదిలో ఉంటే మీకేమైనా అభ్యంతరమా?"

ముసలావిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది.

"ఈ మనిషి నా గడప తొక్కడానికి వీల్లేదు," అంది. గొంతు సన్నగా ఉంది గాని మాట తొణకలేదు. "తొక్కితే వీధి వీధంతా పోగయ్యేలా అరుస్తాను. నేను బతికుండగా ఈయనతో ఒక ఇంట్లో ఉండను. అలాగే రాసుకో అమ్మా. కావాలంటే వేలిముద్ర వేస్తాను. సంతకం కూడా వచ్చు నాకు."

"మనవరాలు కూడానా?"

ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తండ్రి లేకుండా అది రాదుగా. రాసుకో."

మేడమ్ రాసుకుంది.

అతనికి ఒక్కసారి ఊపిరాడినట్టయింది. దాని వెనకే ఉక్రోషం ముంచుకొచ్చింది. చూశావా, అన్నాడు లోపల ఎవరితోనో. ఇన్నాళ్లూ నేనన్నదే కదా. కడుపులో ఉన్నది కక్కేసింది. మనవరాలిని కూడా కాదంది. తన అనుమానం నిజమైనందుకు సంతోషించాలి అతను. నోరు మాత్రం చేదుగా ఉంది.

తిరిగి వస్తుంటే పట్టాల దగ్గర గేటు పడింది. గూడ్సు బండి వెళుతోంది. ఆ మోతలో మేడమ్ కాస్త గొంతు పెంచి అంది: "మొన్న నేను వస్తున్నానని చెప్పడానికి ఫోన్ చేశాను ఆవిడకి. చాలాసేపు మాట్లాడింది."

"ఏమని?"

"ఏం చెబితే పిల్లకి మంచి గది వస్తుంది అని అడిగింది. అది నేను చెప్పకూడదమ్మా అన్నాను. రూలు చదివి వినిపించమంది. రూలు ఎవరికైనా వినిపించొచ్చు. రెండుసార్లు చదివించుకుంది."

"మరి తెలిసి కూడా రాసుకున్నారా?"

"ఒక కప్పు కింద ఉండనని ఆవిడ నా ఎదుట అంది. అదే రాశాను. ఉండరు కదా మీరిద్దరూ?"

అతను బండివైపు తిరిగాడు. బండి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఈవిడ ఇదంతా నాకెందుకు చెబుతోంది? నా నోటి నుంచి ఏదో రాబట్టాలనా? ముసలమ్మకి మాత్రం నామీద అంత ప్రేమ ఎక్కడిది? పెట్టె తెరిచినవాడికి ఎవరైనా మేలు చేస్తారా? ఇల్లంతా తనకే మిగిలేలా ఆవిడ వేసిన ఎత్తు అయ్యుంటుంది. ఎటు తిప్పి చూసినా ఆ సంచీ అడుగు అతనికి అందలేదు.

సాయంత్రం పిల్ల జడ విప్పుతూ మామూలుగా అడిగినట్టు అడిగాడు. "అమ్మలూ, మన గోడకి చెమ్మ ఉందని అమ్మమ్మకి ఎవరు చెప్పారు?"

పిల్ల మెడ బిగుసుకుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకునే అలవాటు దానికి ఇంకా రాలేదు.

"నేనే," అంది. "బడి దగ్గరికి వస్తుంది, మధ్యాహ్నం బెల్లప్పుడు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎప్పట్నుంచో. దగ్గు తగ్గిందా అంటుంది. మందు పెద్ద చెంచాతో వేస్తున్నావా, చిన్న చెంచాతోనా అంటుంది."

"నా గురించి ఏమంటుంది?"

పిల్ల ఆలోచించింది. "ఏమీ అనదు. నీకు చెప్పొద్దంది."

రోజూ వందలమందిని తడిమే మనిషి, తన కూతురి దగ్గర ఇంత దాగి ఉందని కనిపెట్టలేకపోయాడు. కోప్పడదామనుకున్నాడు. చిక్కుపడిన వెంట్రుకల్ని వేళ్లతో విడదీస్తూ ఉండిపోయాడు. మళ్లీ కలవొద్దని మాత్రం అనలేదు.

అద్దె సాయం వచ్చింది. ఫ్యాక్టరీకి దగ్గరలో మేడమీద ఎండ పడే గదిలోకి మారారు. పిల్ల దగ్గు తగ్గింది. ఒకసారి వెళ్లి ఆవిడకి ఒక మాట చెప్పాలనుకున్నాడు. వెళితే రాజీపడ్డారని ఎవరైనా ఆఫీసులో ఊదుతారేమోనని ఆగాడు. తర్వాత, వెళ్లి ఏమనాలో తెలియక ఆగాడు. ఒక ఆదివారం పట్టాల దాకా నడిచి, గేటు తెరిచే ఉన్నా వెనక్కి వచ్చాడు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున, రాత్రి షిఫ్టు వదిలిన వేళకే, అత్తగారి పక్కింటాయన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. వరస పక్కన నిలబడి, "మీ అత్తగారు నిద్దట్లోనే పోయారండీ," అన్నాడు.

అతని చెయ్యి కాజాల ముసలామె సంచీలో ఉంది. బయటికి తీశాడు. ఇక ఇల్లు ఖాళీ, సాయం ఆగిపోతుంది అన్న ఆలోచనే ముందు వచ్చింది. అది వచ్చినందుకు తనని తనే అసహ్యించుకున్నాడు. ముసలామె అతని మొహం చూసి, "వెళ్లు నాయనా, మేమేం ఎత్తుకుపోం," అంది మెల్లగా. ఎవరూ నవ్వలేదు.

అన్నీ అయ్యాక, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, అతనూ పిల్లా ఆ ఇంట్లో మిగిలారు. పిల్ల వాకిట్లో కుర్చీలో ముడుచుకుని నిద్రపోయింది. అతను రెండో గదిలోకి వెళ్లాడు. నేల తుడిచి ఉంది. గోడ పొడిగా ఉంది. అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించి చూశాడు.

కిటికీ పక్క మంచం మీద ఒక చొక్కా ఉంది. నాలుగేళ్ల కిందట పెట్టెలో పట్టక వదిలేసిన తన పాత ఖాకీ చొక్కా. అరిగిపోయిన కాలరు విప్పి, మంచి వైపు పైకి వచ్చేలా తిరగేసి, చేత్తోనే మళ్లీ కుట్టుకొచ్చింది అత్తగారు. కుట్టు సన్నగా, దగ్గరదగ్గరగా, చూపు ఆననివాళ్ల కుట్టులా అక్కడక్కడా వంకరపోతూ, మెడ సగం దాకా వచ్చింది. అక్కడ సూది గుచ్చి ఉంది, ఇంకో సగానికి సరిపడా దారంతో.