గాలి గుండె

తడిసిన వెంట్రుకల వాసన. మా బాబాయి గుర్రం తోరు ఎడమ ముంగాలి వెనక జెల్ పూసి స్కానింగ్ మెషిన్ ప్రోబ్ ఆనించాను.

తెర మీద గుండె. గుమ్మడికాయంత గుండె...

కవాటం మూసుకోవడం లేదు. ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి దూకుతోంది.

పశువుల డాక్టర్ని, ఇలాంటివి చూశాను. అయినా ప్రోబ్ జరిపి మళ్లీ చూశాను. రేపు ఈ గుర్రం ఎక్కేది నా తమ్ముడు ఎల్చిబెక్.

గుర్రాల మీద, తల కోసేసిన మేక మొండెం కోసం కొట్లాడే ఆట. గుర్రాలు రొమ్ముతో రొమ్మును గుద్దుకుంటాయి. ఎముకలు విరుగుతాయి. మా నారిన్ లోయంతా ఈలలు వేస్తుంది.

"దీన్ని ఆటలో దించకు బాబాయ్. పరుగులో గుండె ఆగిపోతుంది. వాడు దీని కింద పడతాడు."

జుమాశ్ బాబాయి తెర వైపు చూడనైనా లేదు. తోరు పక్కటెముకలకు చెవి ఆనించాడు. లోపల బుస్సుమంటోంది. మావాళ్లు దాన్ని గాలి అంటారు. గాలి గుండె ఉన్న గుర్రమంటే ప్రాణమిస్తారు. తరతరాలుగా రోగాన్ని విని వరమనుకున్నారు.

"విన్నావా అమ్మాయ్? మీ తాత గుర్రానికీ ఇదే గాలి."

"గాలి కాదు. రక్తం వెనక్కి పోతోంది."

"పోతే పోనీ. గుర్రం ముందుకే పోతుందిగా."

ఎల్చిబెక్ నవ్వాడు. "అక్కకి పట్నం నీళ్లు వంటబట్టాయి బాబాయ్."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇద్దరి చెంపలూ పగలగొట్టాలనిపించింది. కొట్టాల్సింది.

మర్నాడు దుమ్ము... డెక్కలు... కొరడాలు.

కొరడాను పళ్లతో కరిచి, మేక మొండేన్ని తొడ కింద నొక్కిపట్టాడు ఎల్చిబెక్. మూడు గుర్రాలు ఒక్కసారే వచ్చి గుద్దాయి.

తోరు నిలబడింది.

నిలబడే చచ్చిపోతోంది.

ముంగాళ్లు ముడుచుకుపోయాయి. మొత్తంగా కూలింది— వాడి మీద.

బాబాయి కత్తి దూసి పరిగెత్తాడు. ఊపిరి పోకముందే కొయ్యాలి, లేకపోతే మాంసం హరామ్, ముట్టకూడదు. అందరూ గుర్రం తల దగ్గరికే ఉరికారు. గొంతు తెగింది. వేడి రక్తం చిమ్మి, కింద నలుగుతున్న నా తమ్ముడి ముఖాన్ని కప్పేసింది.

"ముందు వాణ్ణి లాగండి, పాపిష్టోళ్లారా" అని అరిచాను.

లాగారు. ఛాతీ ఒక పక్క లోపలికి పోయింది. ఏ రక్తం గుర్రానిదో, ఏది వాడిదో తెలియలేదు. జీపులోంచి మెషిన్ తెచ్చి, వాడి చొక్కా చింపి, ప్రోబ్ పెట్టాను.

బాబాయి నా పక్కన కూలబడ్డాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. మొదటిసారి తెర వైపు చూశాడు.

"ఏం కనబడుతోంది తల్లీ? చెప్పు."

తెర మీద ఏ కదలికా లేదు. వాడి పక్కటెముకల మధ్య ప్రోబ్‌ను కదుపుతూనే ఉన్నాను, ఏదో ఒకటి కొట్టుకోవాలని...