మిగిలిపోయిన మాత్రలు

"దిష్టి కాకపోతే పిల్ల మెడ అలా ఎందుకు మెలితిరుగుతుంది? నిమ్మకాయ తిప్పాకేగా కుదుటపడింది!" అంది ఛాయాదేవి మూడోసారి.

"నిమ్మకాయకి కాదత్తయ్యా, విజయవాడ ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేశాక తగ్గింది," అంది కోడలు ఉషశ్రీ.

నిన్న పెళ్లికి బయల్దేరుతుంటే, బస్సులో వాంతులవుతాయని పన్నెండేళ్ల మనవరాలు సుస్మితకు ఛాయాదేవే మాత్ర ఇచ్చింది. ఒకటి చాలదేమోనని దారిలో ఇంకోటి వేసింది. అవి ఎప్పుడో తాతయ్య రత్తయ్యకు వాంతులకని డాక్టరు రాసినవి. మిగిలినవన్నీ ఆవిడ బిస్కెట్ డబ్బాలో దాస్తుంది. సాయంత్రానికి పెళ్లింట్లో పిల్ల మెడ ఒక పక్కకు బిగుసుకుపోయింది, మాట తడబడింది.

"మీ మామయ్యకి రాసిందేగా ఇచ్చాను. విషమేం పెట్టలేదే!"

"ఆయనకి డెబ్బై ఏళ్లు, దానికి పన్నెండు! పైగా దిష్టంటూ రెండు గంటలు వాకిట్లో కూర్చోబెట్టారు. ఆ మాత్రల వల్లే ఇలా అయింది, ఎవరిచ్చారని డాక్టరుగారు అడిగితే నా తల కొట్టేసినట్టయింది."

రత్తయ్య పేపరు పక్కన పెట్టాడు. "నాకూ దవడ బిగిసినట్టుండేది. అందుకే మానేశా."

"అందుకే మిగిలాయా!" అంది ఉషశ్రీ. "ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం మామయ్యా?"

ఆయన మళ్లీ పేపరు అందుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. ఉషశ్రీ ఖాళీ బిస్కెట్ డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. భర్త బాబీకి పప్పు వడ్డిస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇందులోవన్నీ తీసేశాను. ఇకనుంచి ఈ ఇంట్లో ఎవరికి రాసిన మందు వాళ్లే వేసుకోవాలి. నా కూతురికి డాక్టరు చెప్పనిదే ఎవరూ మాత్ర ఇవ్వకూడదు."