తొమ్మిదింటి బస్సెక్కిన నీడ

పొట్టి రోజూ పదింటికి లేచేది. పళ్ళు తోముకుంటూ కిటికీ పక్కన నిలబడి, వీధిలో పనులకి పోయేవాళ్ళంతా పోయారని తేల్చుకున్నాకే వరండాలోకి వచ్చేది. వాళ్ళ కంటబడితే "ఇంకా ఏమీ రాలేదా అమ్మా?" అని అడుగుతారు. ఏమీ రాలేదు. డిగ్రీ చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. అప్లికేషన్లు పెట్టీ పెట్టీ వేళ్ళు అరిగాయి గానీ ఒక్కచోటి నుంచీ కబురు లేదు. మధ్యాహ్నం ఫోను చూసేది, సాయంత్రం ఫోను చూసేది, మధ్యలో దానికి ఛార్జింగ్ పెట్టేది. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ అలిసిపోయేది ఆ ఫోనే.

వాళ్ళమ్మ ముందుగదిలో వీధివాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేది. నాన్న స్కూలు బస్సు నడిపేవాడు. ఇద్దరూ పిల్లని ఒక్కమాట అనేవారు కాదు. తిట్టినా బాగుండేది. ఆ ఊరుకోవడమే పొట్టికి ఎక్కువ గుచ్చుకునేది.

ఎట్టకేలకు బట్టల ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. స్టోర్లో గుమాస్తా ఉద్యోగం. అమ్మ ఒక్క ముడత లేకుండా చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. ఫ్యాక్టరీలో మేనేజరమ్మ కాగితాలన్నీ తిరగేసి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"చదువైపోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"ఉద్యోగం వెతుకుతున్నానండీ."

"మంచిదే. వెతకడం కాకుండా?"

పొట్టి కనీసం అబద్ధమైనా ఒకటి తయారుచేసుకుని రాలేదు. సిగ్గుతో తల దించుకుంటే, నేల మీద ఆమె నీడ అంతకన్నా ఎక్కువ సిగ్గుపడి కుర్చీ కిందికి ముడుచుకుపోయింది. మేనేజరమ్మ కసురుకోలేదు. "మళ్ళీ కబురు చేస్తాం" అంది. చెయ్యరని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు, నీడతో కలిపి.

మర్నాడు పొద్దున్న పొట్టి ఇంకా మంచం మీదుండగానే ఆమె నీడ లేచి, గోడ మీదే తల దువ్వుకుని, తలుపు సందులోంచి బయటికెళ్ళి తొమ్మిదింటి బస్సెక్కింది.

"నీ నీడ అప్పుడే వెళ్ళిపోయింది," అంది అమ్మ, ఎవరిదో కాలరు మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూ.

"ఎక్కడికి?"

"పనికై ఉంటుంది. తొమ్మిదింటికి ఇంకెక్కడికి పోతారు?"

పొట్టి ముసుగు తన్ని మళ్ళీ పడుకుంది. ఒకందుకు హాయిగానే అనిపించింది. తన తరఫున ఎవరో ఒకరు వెళ్తున్నారు కదా.

ఆరింటికి నీడ తిరిగొచ్చింది. దాని వేళ్ళ దగ్గర జిడ్డు అంటినట్టు కాస్త చిక్కగా ఉంది. గోడకి జారగిలబడి వెంటనే నిద్రపోయింది. మర్నాడు మళ్ళీ తొమ్మిదింటికే వెళ్ళింది. మూడోరోజు నుంచి అమ్మ భోజనం డబ్బా సర్ది కిటికీ గూట్లో ఎండ పడేచోట పెట్టడం మొదలుపెట్టింది. నీడ ఆ డబ్బా నీడని చంకలో పెట్టుకుని పోయేది. అసలు డబ్బా గూట్లోనే ఉండేది, అందులో తిండి కూడా ఎక్కడిదక్కడే ఉండేది, కాకపోతే రుచంతా పోయి చప్పబడిపోయేది. ఆ చప్పిడి తిండి పొట్టి తినేది.

"ఎండలో నీడ లేకుండా తిరక్కమ్మా, తలనొప్పి వస్తుంది," అంది పక్కింటి పిన్ని. అంతవరకూ ఫర్వాలేదు. కానీ అమ్మ "దాన్ని చూడు, ఒక్కరోజు నాగా పెట్టదు," అని నాన్నతో అనడం పొట్టి చెవిన పడింది. నాన్న కూడా "పొట్టిదాని నీడైనా మనిషి పొడుగు, మంచి పనిమంతురాలు," అన్నాడు. ఆ వీధిలో సొంత నీడని చూసి కుళ్ళుకున్న మనిషి పొట్టి ఒక్కతే.

ఆరువారాలు ఓర్చుకుంది. ఏడోవారం సోమవారంనాడు ఎనిమిదింటికే లేచి, తయారై, నీడ వెనకాలే వెళ్ళి బస్సెక్కింది.

"మీవాళ్ళు డ్రైవర్ వెనక సీట్లో ఉన్నారు," అని కండక్టరు ఆమెకి టికెట్ చింపిచ్చాడు.

నీడ మార్కెట్ వెనక సందులో దిగి ఒక ఇరుకు కొట్లోకి వెళ్ళింది. కొట్టు నిండా విప్పిన కుట్టుమిషన్లు. వాటి మధ్య పీట వేసుకుని, పెదాల మధ్య నాలుగు స్క్రూలు కరుచుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఊళ్ళో దర్జీలంతా ఆవిణ్ణి మిషనత్త అంటారు. నీడ ఆవిడకి ఎదురుగా ఉన్న మిషన్ సూదిరంధ్రంలోంచి లోపలికి దూరిపోయింది. కాసేపటికి అడుగునుంచి బయటికొచ్చి ఒక మూల వేలు పెట్టి చూపించింది. అత్త అక్కడ విప్పి, పళ్ళచక్రం నుంచి విరిగిన పన్ను ఒకటి బయటికి తీసింది.

"బుద్ధిమంతురాలు," అంది మిషనత్త, స్క్రూలు తియ్యకుండానే. "ఎక్కడ సందుంటే అక్కడికి దూరి చూసొస్తుంది. ఏం లాభం, స్క్రూ బిగించమంటే దాని చెయ్యి స్క్రూలోంచి అవతలికి పోతుంది. చేతులున్న మనిషి ఎప్పుడొస్తుందా అని ఆరువారాలుగా చూస్తున్నా."

"జీతం ఇస్తావా అత్తా?"

"జీతం ఇవ్వలేనే. పని ఇస్తా. ఇంట్లో ఇంతకన్నా మంచి బేరం ఉంటే వెళ్ళు."

ఇంట్లో ఏముందో పొట్టి ఆలోచించింది. ఫోను ఉంది. అదీ జేబులోనే ఉంది. పీట లాక్కుని కూర్చుంది.

మొదటి వారం సూది తిరగేసి పెట్టింది. రెండోవారం ఒక మిషన్ మొత్తం విప్పి బిగించి, మిగిలిపోయిన స్ప్రింగొకటి గర్వంగా అత్తకి చూపించింది.

"మిగిలింది కాబట్టి మిషన్‌కి అక్కర్లేదంటావు," అంది అత్త. "రేపు నీ పొట్ట విప్పి, ఏవి మిగుల్తాయో చూద్దాం."

మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాక స్ప్రింగు దాని చోట్లోకి వెళ్ళింది. మిషన్ తిరగ్గానే వచ్చిన ఆ చప్పుడుకి పొట్టికి ఏడుపొచ్చినంత పనైంది. తను ముట్టుకున్నది ఏదైనా బాగుపడి ఎన్నాళ్ళైందో ఆమెకి గుర్తులేదు. ఆ తర్వాత పదింటికి లేవడం ఆమె చేతకాలేదు. గోళ్ళలో నూనె నల్లగా పేరుకుంది, మాటల్లో మిషన్లు దొర్లాయి. అన్నిటికంటే సంతోషం, పొద్దున్న వీధిలో తల ఎత్తుకుని నడవడం. మూడో నెలలో ఒక దర్జీ "మీ చిన్నమ్మాయి చేత చేయించండి" అని అడిగి మరీ మిషన్ వదిలిపెట్టి వెళ్ళాడు.

నీడకి మాత్రం ఆమె అన్నాళ్ళూ పడుకుందన్న కోపం పోలేదు. అదే బస్సులో వచ్చేది, డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చునేది, పొట్టి కాళ్ళ దగ్గరికి వచ్చేది కాదు. రోజంతా ఏదో ఒక మిషన్ కడుపులో తిరుగుతూ ఉండేది. పొట్టి బతిమాలలేదు, తప్పు తనదేనని ఆమెకి తెలుసు.

ఐదో నెల చివర మిషనత్త ఒక కబురు తెచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పెద్ద మిషన్ మొండికేసింది. ఉన్నట్టుండి కుట్టు వదిలేస్తోంది, బొత్తాం పట్టాల్సిన కాజా విడిపోతోంది. దాన్ని బాగుచేసినవాళ్ళకే మెకానిక్ ఉద్యోగం.

"నాకు చూపానట్లేదు. నువ్వెళ్ళు," అంది అత్త.

"అక్కడ అనుభవం అడుగుతారత్తా. ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు."

"చేసి చూపించు. నోటితో చెప్పడం నీకు రాదని నీ నీడ నాకు ముందే చెప్పింది."

పొట్టి కాక ఇంకో ఏడుగురు వచ్చారు. అందరూ పదేళ్ళూ పదిహేనేళ్ళూ మిషన్లతో కాపురం చేసినవాళ్ళు. ఒకాయన సూది మార్చాడు, ఒకాయన దారం బిగువు సరిచేశాడు, ముగ్గురు వరసగా కొక్కెం సర్దారు. కింది దారాన్ని అందుకునేది ఆ కొక్కెమే. సర్దినప్పుడల్లా మిషన్ పది కాజాలు చక్కగా కుట్టి పదకొండోదానికి మళ్ళీ వదిలేసేది. చివరగా పొట్టి వంతు వచ్చింది. గోడ పక్కన విడిగా నిలబడ్డ ఆమె నీడని మేనేజరమ్మ చూసింది, ఆమెనీ గుర్తుపట్టింది.

పొట్టి మిషన్‌ని వెనక్కి వాల్చి అడుగుభాగం తెరిచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నాలుగువైపులా గోడలే ఉన్న ఆ హాల్లో కంటి ముందు చెయ్యి పెట్టుకున్నా కనిపించనంత చీకటి.

"ఇవాళ్టికి ఆపేద్దాం," అంది మేనేజరమ్మ గొంతు. "అందరూ వెళ్ళండి. అవసరమైతే కబురు చేస్తాం."

ఆ కబురు సంగతి పొట్టికి తెలుసు. "ఆపొద్దండీ," అంది. "నా వంతు ఇంకా అవలేదు."

వెలుతురు ఉన్నంతసేపే నీడకి గోడ వేరు, మనిషి వేరు. చీకట్లో దానికి అంచులు లేవు. హాలంతా అదే అయింది. ఆరు నెలలు దాటాక మొదటిసారి అది పొట్టి అరికాళ్ళని తాకి, మోకాళ్ళ మీదుగా, భుజాల మీదుగా వేళ్ళ కొసల దాకా పాకింది. అది దూరి చూసిన ప్రతి మిషన్ లోపలి దారీ ఆమె చేతుల్లోకి వచ్చేసింది. ఎక్కడుందో ఆమె వెతుక్కోలేదు. వేలు నేరుగా కొక్కెం దగ్గరికి వెళ్ళింది. మొదటి స్క్రూ గట్టిగా ఉంది. రెండోదీ గట్టిగానే ఉంది. వెనకవైపు, కంటికి ఆనని చోట మూడోది ఉంది. దాని మర చుట్లు అరిగిపోయాయి. ఎంత సర్దినా, మిషన్ కాస్త వేడెక్కగానే అది వెంట్రుకవాసి జరుగుతోంది. పొట్టి దాన్ని తీసేసింది. అత్త ఇచ్చి పంపిన స్క్రూల డబ్బాలో తడిమి సరైనది పట్టుకుంది, పెదాల మధ్య పెట్టుకుంది, కొక్కెం సర్దింది, బిగించింది. ఆ చీకట్లో ఆమెకి కొంచెం కూడా భయం వెయ్యలేదు.

కరెంటు వచ్చేసరికి ఆమె మిషన్ పక్కన చేతులు తుడుచుకుంటోంది. మీట వేశారు. పది కాజాలు అయ్యాయి. పదకొండోది అయింది. యాభై దాకా వచ్చాక అందరూ లెక్కపెట్టడం మానేసి దగ్గరికి జరిగారు. ముందు కొక్కెం సర్దిన పెద్దాయన ఆ అరిగిన స్క్రూని అరచేతిలో వేసుకుని చూసి, "శభాష్ తల్లీ," అన్నాడు.

మేనేజరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "పోయినసారి ఒకటడిగాను. చదువైనప్పట్నుంచీ ఏం చేశారని."

"మొదట్లో తొమ్మిది నెలల పైనే పడుకున్నానండీ," అంది పొట్టి. "మిగతాది ఇదిగోండి." నల్లబడ్డ పది గోళ్ళూ చూపించింది.

మేనేజరమ్మ పెద్దగా నవ్వింది. "రేపట్నుంచి రండి," అంది.

మర్నాడు అమ్మ చొక్కా ఇస్త్రీ చేసి, డబ్బా సర్ది, ఈసారి గూట్లో కాకుండా కూతురి చేతికే ఇచ్చింది. నాన్న గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. వీధిలో అందరూ పనులకి పోయే వేళకి, ఆ అందరి మధ్యలోంచీ పొట్టి నడిచి తొమ్మిదింటి బస్సెక్కింది.

కండక్టరు డ్రైవర్ వెనక ఖాళీ సీటు వైపు చూశాడు. "మీవాళ్ళు రాలేదేం ఇవాళ?"

కిటికీలోంచి పడుతున్న ఎండలో పొట్టి తన కాళ్ళకేసి చూసుకుంది.

"వచ్చింది," అంది. "ఇద్దరికీ కలిపి ఒక్క టికెట్ ఇవ్వండి. ఫ్యాక్టరీ దగ్గర దిగుతాం."