జింక వరసలో ఏనుగు మందు

జంతుప్రదర్శనశాల స్టోరు కిటికీలోంచి బయటికి వచ్చిన బకెట్టును చూడగానే డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఏనుగు కడుపులో పురుగులకని తాను రాసిన మందు పొడి అందులో ఉంది. బకెట్టుకు అంటించిన చీటీ మీద మాత్రం ‘జింక’ అని ఉంది. ఆ జింక నిండు చూలుతో ఉంది. అంత మందు పడితే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు.

“ఆపండి. ఇది ఏనుగుది,” అంది.

స్టోరుకీపరు చార్టు చూపించాడు. “జింక వరసలోనే ఉందమ్మా. కింద డైరెక్టరుగారి సంతకం. సంతకముంటే పులికి అరటిపళ్లు అని ఉన్నా పెట్టాల్సిందే. మేత గంట కొట్టేలోగా కొత్త చార్టు తెచ్చుకోండి.”

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమె డైరెక్టరు గదికి పరుగెత్తింది.

“నా దగ్గర సరిగ్గానే ఉంది సార్. మీ కంప్యూటర్లో తెరిస్తే మందులన్నీ ఒక వరస కిందికి దిగుతున్నాయి.”

“అయితే జింకను మీ ల్యాప్‌టాప్‌లోనే పెంచుకోండి,” అన్నాడు డైరెక్టరు.

“పోనీ, పెన్నుతో దిద్దనా?”

“కొట్టివేతలుంటే చార్టు చెల్లదు.”

“పీడీఎఫ్ పంపనా?”

“వర్డ్ ఫైలే ఉండాలి. ఆ రూలు రాసింది నేనే. నా కంప్యూటర్ ఇంకొకరు ముట్టకూడదన్నదీ నేనే.”

ఆమె మరిదికి ఫోన్ చేసింది. ఆమె ల్యాప్‌టాప్‌లో వర్డ్ బదులు ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన మహానుభావుడు అతనే.

“ఊరికే వచ్చినదానికి వంకలెందుకు వదినా? వేరే రకంగా సేవ్ చెయ్యి,” అన్నాడతను.

చేసింది. డైరెక్టరు తెర మీద పట్టిక రెండు ముక్కలై, పైనుండాల్సిన సింహం బొమ్మ వచ్చి ఎలుగుబంటి తిండి మీద కూర్చుంది. మరోలా సేవ్ చేస్తే అక్షరాలన్నీ డబ్బాలయ్యాయి. కిటికీలోంచి చూస్తే గంట కొట్టేవాడు సుత్తి చేతిలోకి తీసుకుంటున్నాడు.

అప్పుడు తట్టింది. మొదటి ఫైలే మళ్లీ తెరిచి, మందులన్నిటినీ కావాలనే ఒక్కో వరస పైకి జరిపింది. ఏనుగు మందు కుందేలు వరసలోకి ఎక్కింది. డైరెక్టరు దగ్గర తెరిచేసరికి అది బుద్ధిగా ఒక మెట్టు దిగి ఏనుగును చేరింది. ఆయన ప్రింటు తీసి సంతకం పెట్టాడు. గంట మోగేలోపు ఆ చార్టు స్టోరు గోడకెక్కింది, బకెట్టు చీటీ మారింది.

ఏనుగు మందు తినడం మొదలుపెట్టేదాకా ఆమె కంచె దగ్గరే నిలబడింది. అంతలో స్టోరుకీపరు మరో కాగితంతో వచ్చాడు.

“సార్ సంతోషపడ్డారమ్మా. ఇకముందు ఈ గొడవ ఉండకూడదని మీ సాఫ్ట్‌వేరే ఆయన కంప్యూటర్లోనూ ఎక్కించుకున్నారు. అందులో మీ ఫైలే తెరిచి శుభ్రంగా ఇంకో ప్రింటు తీసి సంతకం చేశారు. మిగతా మందు ఇక కుందేలుకు పెట్టాలట.”

ఆమె కాగితం అందుకుని కంచె పైనుంచి చాచింది. తొండం వచ్చింది, కాగితం పోయింది.

ఏనుగు నములుతున్నంతసేపూ స్టోరుకీపరు మనసులో రూళ్లు వెతుక్కున్నాడు.

“కొత్తది స్టోరులో అతికించేదాకా పాతదే చెల్లుతుంది,” అన్నాడు చివరికి. “ఇది ఇంకా అతికించలేదు.”