ఊపిరి ఉన్నంత మేర

యామినిది కవిటికి దగ్గరలో సముద్రపు ఒడ్డునున్న ఊరు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం రోజూ పొద్దున్నే తీరం వెంట పరుగు సాధన చేసేది. ఆ వేసవిలో వలల తగాదా వచ్చి, అదే ఊరి కామేశ్ ఆమె అన్న ఢిల్లీరావు చేతిని తెడ్డుతో విరగ్గొట్టాడు. చూసినవాళ్లలో నోరు విప్పింది యామిని ఒక్కతే. కామేశ్ జైలుకు పోయి, బెయిలు మీద తిరిగొచ్చాడు.

వచ్చిన మర్నాడే సరుగుడు తోట పక్కన ఆమెకు అడ్డం వచ్చాడు. చేతిలో బొండాలు కొట్టే కత్తి.

“పోలీసులకి సెప్పినావు కదా. ఇప్పుడు నాకు సెప్పు” అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగేలోపే కత్తి భుజంలో దిగింది. కింద పడి, పిడికెడు ఇసుక అతని కళ్లలో కొట్టి, లేచి పరుగు తీసింది.

ఒంట్లో ఉన్న సత్తువంతా ఒక్కసారే పెట్టి ఉరికింది. కాసేపటికే తొడలు మండిపోయాయి. ఈ మంట గురించి వ్యాయామం మాస్టారు మురళీమోహన్ ముందే చెప్పాడు: “కండలో దాసుకున్న బలం కాసేపేనమ్మా. తరవాత నడిపేది ఆక్సిజనే. ఊపిరితిత్తులు పీల్చింది గుండె రక్తంలో పంపుతాది. అది అందేదానికన్నా జోరుగా ఉరికితే కాళ్లు బిగిసిపోతాయి.”

వేగం తగ్గిస్తే కత్తికి దగ్గరవుతుంది. అయినా తగ్గించింది. తడి ఇసుక మీదికి దిగి, ఊపిరి నిండుగా అందే వేగానికి వచ్చింది.

కామేశ్ అందుకున్నాడు. జడ పట్టి లాగాడు, కత్తి చెవిని చీల్చింది. ఆమె మోచేత్తో వెనక్కి బలంగా పొడిచింది. అతని ముక్కు చితికింది. జడ వదిలాడు గానీ వెంటపడటం మానలేదు.

వలలు లాగి రాటుదేలిన మనిషే, కానీ అంత దూరం ఉరికిన అలవాటు లేదు. నెత్తురుతో ముక్కు మూసుకుపోయి నోటితో ఎగపీలుస్తున్నాడు. అతని అడుగులు తడబడటం ఆమెకు వినిపించింది. తర్వాత దబ్బుమన్న చప్పుడు.

వెనక్కి తిరిగి చూస్తే, చేతులూ మోకాళ్లూ ఇసుకలో ఆన్చి వంగి వాంతి చేసుకుంటున్నాడు. కత్తి పక్కనే ఉన్నా దాన్ని అందుకోవడానికి చెయ్యి లేవడం లేదు.

ఆమె ఊరివైపు పోవచ్చు. పోలేదు. కత్తిని అలల్లోకి విసిరేసి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగ ముక్క తీసింది. అతని కుడిచెయ్యి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాక మళ్లీ కొట్టింది. వల లాగుతున్నవాళ్లు పరుగున వచ్చి ఆమెను పట్టుకునేదాకా ఆపలేదు.

టెక్కలి ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని మంచం మీద ఉండగా ఢిల్లీరావు వచ్చి కూర్చున్నాడు.

“పడిపోయినోణ్ని ఎందుకు కొట్టినావే?” అన్నాడు.

“నాకింకా ఊపిరుందన్నా.”

చెల్లెలి ముఖంలోకి చూడలేక అతను తల దించుకున్నాడు.

ఇప్పుడు కామేశ్ మీదా, ఆమె మీదా కేసులు నడుస్తున్నాయి. తన మీద కేసు ఉండగా ఉద్యోగం రాదని యామినికి తెలుసు. భుజం మానాక మళ్లీ తీరానికి వెళ్లింది. పరుగెత్తుతూ మధ్య మధ్యలో వెనక్కి తిరిగి చూసుకుంటోంది.