గోదారి రేవులో నల్లద్దం

బూర్గంపాడు వైపు గోదారి రేవులో ఆ ఆదివారం బాప్తిస్మాలు. మిట్టమధ్యాహ్నం, ఇసుకలో కాలు పెడితే పొక్కులే. ముత్యాలమ్మకు ఎండ సంగతి పట్టలేదు. పెళ్లయ్యాక మనవరాలు అక్సా మొదటిసారి చర్ల నుంచి వచ్చింది, అదీ నేరుగా రేవుకే. పిల్ల బాప్తిస్మం కాగానే మొగుడు జాషువా తిరిగి తీసుకుపోతానంటున్నాడు. పిల్ల అక్కడ సుఖంగా ఉందో లేదో ఈలోగానే తెలుసుకోవాలి. అడిగితేనేమో "మంచిగనే ఉన్న అమ్మమ్మా" అని మొహం తిప్పుకుంటుంది.

"ముసుగు ముందుకు లాక్కో, పెద్దలున్నరు" అని వచ్చిన దగ్గర్నుంచీ సతాయించింది ముత్యాలమ్మే. నీళ్లలో దిగే ఆడపిల్లకు తెల్లకొంగు నొసటి కిందికి ఉండాలన్నది వాళ్ల సంఘంలో మర్యాద.

ఫొటోలు తీసే బెన్నీ, వరసకు మనవడే, కెమెరా ముందు నల్లద్దం బిగించాడు.

"ఏందిరా, కెమెరాకు గూడ కూలింగ్ గ్లాసులా? దానికి తోడు ఆ లైటొకటి, సూర్యుడు సాల్తలేడా నీకు?"

"ఫ్లాషు పెడితే షట్టర్‌ను మరీ జల్దీ కొట్టనియ్యదు అమ్మమ్మా. ఎండ ఎక్కువ జొరబడి ఫొటో తెల్లకాగితమైతది. అందుకే ఎండను ఆపే ఈ నల్లద్దం. ముసుగు కింద చీకటుంటది గద, లైటు ఫుల్లు పెట్టి దగ్గర్నుంచి కొడ్త."

పాస్టరుగారు ముంచి లేపారు. అక్సా పైకి లేవగానే ఫ్లాషు మెరిసింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ఎండలో కెమెరా తెర కనబడక బెన్నీ తలమీద తువ్వాలు కప్పుకుని చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"అమ్మమ్మా, ఇటు రా."

ముత్యాలమ్మ తువ్వాలు కిందికి దూరింది. గోదారి సాయంత్రంలా నల్లబడి ఉంది. దాని ముందు అక్సా మొహం ఒక్కటే వెలుగుతోంది. కంటి కింది నుంచి దవడ దాకా కమిలిన నీలం. పెదవి మీద ఎండిన చీలిక.

ముత్యాలమ్మ తువ్వాలు తొలగించింది. తలెత్తి నీళ్లకేసి చూస్తే తెల్లకొంగు, దాని కింద నీడ, అంతే. ఆ కొంగు లాక్కొమ్మన్నది తానే.

ఒడ్డు మీంచి జాషువా కేకేశాడు. "జల్దీ రా, బస్సు పోతది."

ముత్యాలమ్మ చీర తడుస్తున్నా నీళ్లలోకి నడిచి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పో బిడ్డా. పిల్ల రాదు."

"గదేంది, నన్నడగకుండ?"

"నువ్వు నన్నడిగి కొట్టినవా?"

అక్సా చెయ్యి విడిపించుకోలేదు. మెల్లగా జరిగి అమ్మమ్మ వెనక నిలబడింది.